కింది వంటిల్లు

ఉర్బానో మోకాళ్ళ మీద కూర్చుని, ప్లాస్టిక్ ముక్కకు నాలుగు వైపులా అంటించిన టేపును గోటితో లేపుతున్నాడు. మొన్న అతనే దాన్ని ఆ కాంక్రీటు నేలకు అతికించి వెళ్ళాడు. అడుగున చెమ్మ పడితే పని ఆగిపోతుంది, పొడిగా ఉంటే మొదలవుతుంది. ప్లాస్టిక్కును తిరగేసి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి చూశాడు. నేలను అరచేత్తో తడిమి, ఆ చేతిని చెంపకు ఆనించుకున్నాడు. నేల పొడిగానే ఉంది.

"ఏంటి బావా, జ్వరం చూస్తున్నావా దానికి?" అన్నాడు మెట్ల మీంచి థర్మోకోల్ లాంటి నురగ పలకలు దించుకొస్తున్న సెఫెరీను.

"జ్వరం లేదు. ఆ పలకలు గోడకి ఆనించు."

సెఫెరీను ఉర్బానో భార్య ఇదలీనకు తమ్ముడు. ఇద్దరూ కలిసి టొరంటోలో ఎంతమంది ఇళ్ళ నేలమాళిగలకు వెచ్చటి నేలలు వేశారో వాళ్ళకే గుర్తులేదు. సెఫెరీను నోటితో పని చేస్తాడనీ, ఉర్బానో చేతులతో చేస్తాడనీ అందరూ అంటారు. ఉర్బానో పొట్టిగా, వెడల్పుగా ఉంటాడు. చెవి మీద పెన్సిల్, మీసం నిండా రంపపు పొట్టు. ఎడమచేతి బొటనవేలి గోరు ఏనాడో సుత్తి దెబ్బకు నల్లబడి, అలాగే ఉండిపోయింది. లేచినప్పుడల్లా గోడ పట్టుకుని లేస్తాడు, కాసేపటి దాకా నడుము తిన్నగా రాదు.

బయట మంచు నేలమాళిగ కిటికీని సగానికి పైగా మూసేసింది. మెట్ల మీద దోనా నతేర్సియా శాలువా కప్పుకుని కూర్చుని ఉంది. ఆమెదీ వీళ్ళలాగే పోర్చుగల్ వాళ్ళ సావ్ మిగేల్ దీవే. భర్త పోయి చాలా కాలమైంది. ఈ పని కూతురు పురమాయించింది. నిన్న గ్యాసు మనిషి వచ్చి పొయ్యి విడదీసి పక్కకు జరిపి పోయినప్పటి నుంచి ముసలావిడకు కాలు ఒకచోట నిలవడం లేదు.

"సాయంత్రానికి నా పొయ్యి నాకు వస్తుందా, నాయనా?" అని అడిగింది.

"పొయ్యి రేపు పెడతారమ్మా. నేల మటుకు సాయంత్రానికి అయిపోతుంది."

"రేపటి దాకా నేనేం చెయ్యాలి?"

"పైన ఉంది కదా మీకు, కొత్త పొయ్యి," అన్నాడు సెఫెరీను.

"అది చుట్టాలకి," అందామె, ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

తెలియక కాదు. ఆ దీవి నుంచి వచ్చిన మా వాళ్ళ ఇళ్ళల్లో వంటిళ్ళు రెండు. పైది చూపించడానికి, కిందిది బతకడానికి. పైన పొయ్యి మీద లేసు గుడ్డ పరిచి, దాని మీద పండ్ల పళ్ళెం పెట్టి, ఆ పండ్లు కూడా మైనంవి కొని, ఎవరూ అడుగుపెట్టకుండా కాపలా కాస్తారు. టమాటాలు ఉడకపెట్టేది, సాసేజీలు పొగకు వేలాడదీసేది, రొట్టె కాల్చేది, పిల్లలను తిట్టేది, పోయినవాళ్ళ కోసం ఏడ్చేది అంతా కిందే. ఇంటి ఆడవాళ్ళు పొద్దున దిగితే రాత్రి పడుకోవడానికే ఎక్కుతారు. ఇల్లంత అందమైన వంటిల్లు పెట్టుకుని కాంక్రీటు మీద జీవితమంతా నిలబడడం ఏమి తెలివో మమ్మల్ని అడగకండి.

ఉర్బానో నేలంతా ఊడ్చాడు. పొడవాటి తిన్నని పట్టీని నేల మీద అన్ని వైపులకూ తిప్పి చూసి, ఎత్తుగా ఉన్నచోట అరగదీశాడు, గుంట ఉన్నచోట పూడ్చాడు. తరవాత నురగ పలకలు పరవడం మొదలుపెట్టాడు. కత్తితో ఒక్క గీత గీసి, మోకాలికి ఆనించి విరుస్తాడు. ఒక పలక అంచుకు మరో పలక అంచు ఆనాలి. అతుకు మీద టేపు వేసి బొటనవేలితో ఆ చివరి దాకా గట్టిగా రుద్దాలి. ఎక్కడ వేలు దూరేంత సందు వదిలినా చలి అక్కడి నుంచే వస్తుంది. ఈ మాట అతను ఎవరికీ చెప్పడు, వేలితో రుద్దుతూ పోతాడు.

మధ్యాహ్నం దోనా నతేర్సియా పైనుంచి సాసేజీ ముక్కలు, తీపి రొట్టె తెచ్చింది. పరాయి ఇంట్లో వండుకొచ్చినట్టు మొహం పెట్టింది.

"పై పొయ్యి మీద చేశా. రుచి ఉంటే నా పేరు మార్చుకుంటా."

"మార్చుకోవాల్సిందేనమ్మా. బానే ఉంది," అన్నాడు సెఫెరీను నోరు నిండా పెట్టుకుని.

ఆమె నవ్వి, మెట్టు మీద కూర్చుని, ఉన్ని మేజోళ్ళ మీద నుంచి పాదాలు ఒత్తుకుంది. కాసేపటికి ఉర్బానో వైపు తిరిగింది.

"మీ ఇదలీన అదృష్టవంతురాలు. మొగుడే నేలలు వేసేవాడాయె. ఈ దేశంలో కాళ్ళు వెచ్చగా ఉన్న ఆడది అదొక్కతే అయ్యుంటుంది."

సెఫెరీను కాఫీ కప్పులోకి చూస్తూ ఉండిపోయాడు.

"ఆఁ," అన్నాడు ఉర్బానో.

ఆమె ఖాళీ పళ్ళాలు తీసుకుని పైకి వెళ్ళిపోయాక సెఫెరీను గొంతు తగ్గించాడు.

"ఆఁ అన్నావే."

"మరేమనమంటావ్?"

"నేనేమంటాను. నీ దగ్గర ఆ మాట ఎత్తొద్దని మా అక్క నా చేత ఒట్టు వేయించుకుంది. మొన్నామధ్య వెళ్తే రెండు జతల మేజోళ్ళు వేసుకుని, అట్టపెట్టె విప్పి పరుచుకుని, దాని మీద నిలబడి ఉల్లిపాయలు తరుగుతోంది. కాళ్ళు ఇంతేసి లావున ఉన్నాయి. నాకేం తెలీదు బావా, నేను చూడలేదు, నేను చెప్పలేదు."

ఉర్బానో డ్రిల్లు అందుకున్నాడు.

అతని ఇంట్లో కింది వంటింటి నేల టైల్స్‌ది. తెలుపు మీద నీలం పూలు. ఇల్లు కొన్న తొలి ఏడు, దీవి నుంచి అన్న పంపిస్తే, ఆదివారాలన్నీ మోకాళ్ళ మీద కూర్చుని కాంక్రీటు మీద నేరుగా అతనే పరిచాడు. అప్పటికి అతనికి ఈ పని రాదు, రొట్టెల ఫ్యాక్టరీలో పని. దీవిలో చల్లటి నేల అంటే గొప్ప. ఎండలో నుంచి వచ్చి దాని మీద పాదం పెడితే ప్రాణం లేచి వస్తుంది. ఇదలీనకు పెళ్ళికి ఏమీ ఇవ్వలేకపోయాడు, ఆ నేల ఇచ్చాడు. ఆమె సిగ్గుతో మొహం దాచుకునే రకం కాదు. చెప్పులు విప్పి, ఆ పూల మీద ఒక చుట్టు నాట్యం చేసింది. అది వేసవి.

నేలల పని నేర్చుకున్న మొదటి చలికాలంలోనే తను చేసిన పొరపాటు అతనికి అర్థమైంది. ఇదలీన కూడా అప్పట్లో అడిగేది, ఊళ్ళో అందరికీ వేస్తావు, మనకెప్పుడు అని. వచ్చే చలికాలానికి అనేవాడు. వెయ్యాలంటే ఆ టైల్స్ అన్నీ పలకల కింద కప్పెట్టాలి. ఆ మాట ఒకసారి పైకి అంటే ఆమె కాసేపు ఆ పూల వంక చూసి, "పోనీలే, నాకవి ఇష్టం," అంది. ఆ తరవాత ఎప్పుడూ అడగలేదు. ఆమె మనసులో మాటే చెప్పిందో, అతని మనసు చూసి చెప్పిందో ఉర్బానో ఆరా తీయలేదు. ఆ మాట తనకు అనువుగా ఉంది కాబట్టి నమ్మేశాడు, అన్నేళ్ళు దాని మీద హాయిగా నిద్రపోయాడు.

ఇంకొకటి కూడా ఉంది. అతను పని నుంచి పక్క తలుపు గుండా వచ్చి, ఉన్న బూట్లతోనే కింది వంటింట్లోకి దిగి, బల్ల దగ్గర కూర్చుని తింటాడు. అడుగున రెండు వేళ్ళ మందం ఉండే పని బూట్లు. తను వేసిన ఆ నేలను అతని పాదాలు ఏ చలికాలంలోనూ తాకలేదు.

నురగ మీద ప్లైవుడ్ పరిచారు. గోడల దగ్గర చెక్క ముక్కలు దూర్చి సందు వదిలారు, చెక్క ఉబ్బితే జరగడానికి చోటుండాలి కదా. అతుకులు ఒకే వరసలోకి రాకుండా ఒకటి విడిచి ఒకటి జరుపుతూ, స్క్రూలు కాంక్రీటులోకి దిగేదాకా బిగించారు. చీకటి పడుతుండగా ఉర్బానో చివరి ముక్క కొట్టి కూర్చోబెట్టాడు. తరవాత ఎప్పటిలాగే బూట్లు విప్పి, మేజోళ్ళతో గది నాలుగు మూలలా నడిచాడు. పని అయినట్టు చెప్పేది అతని కాళ్ళే. ఇంటివాళ్ళను కూడా అలాగే నిలబెట్టడం అతని పద్ధతి.

"రండమ్మా. మేజోళ్ళు తీసెయ్యండి. చివరి మెట్టు ఇప్పుడు కాస్త పొట్టిదైంది, కాలికి ముందే నేల తగులుతుంది, చూసుకోండి."

దోనా నతేర్సియా రెయిలింగు పట్టుకుని దిగింది. కాయలు కాచిన, వేళ్ళు వంకరపోయిన పాదాలు. వాటిని జాగ్రత్తగా చెక్క మీద ఆనించి, పొయ్యి ఉండే చోటికి నడిచి, అక్కడ గోడ వైపు తిరిగి నిలబడింది. అరిపాదంతో చెక్కను మెల్లగా రుద్దింది.

"ఒక్క రోజు పనా ఇది?" అంది ఆఖరికి.

"ఒక్క రోజేనమ్మా."

"ఒక్క రోజు," అని ఆమె మళ్ళీ అంది. ఆమె మొగుడిని తలుచుకుందో, ఎవరిని తలుచుకుందో తెలియదు. ఉర్బానో మటుకు తల ఎత్తలేకపోయాడు.

బండి ఎక్కాక సెఫెరీనుతో, "కలప అడితికి పోనియ్," అన్నాడు.

"దేనికి? రేపు పని లేదుగా."

"ఉంది. మా ఇంట్లో."

సెఫెరీను అతని వంక చూశాడు. బండిని అడితి వైపు తిప్పాడు. అడితిలో ఉర్బానో పలకలు ఒక్కొక్కటే అంచులు చూసి ఏరాడు. దారి పొడుగునా లోపల మాటలు కూర్చుకున్నాడు. రేపు పొద్దున్నే పొయ్యి జరుపుతాం అనాలి. టైల్స్ కప్పెట్టేస్తాం, ఏం పర్లేదు అనాలి. తప్పు నాది అనేది ముందు అనాలా చివర అనాలా అన్న దగ్గరే మాట తెగిపోతూ వచ్చింది.

పక్క తలుపు తీశాడు. ఎప్పుడూ కింద వెలిగే దీపం లేదు. మెట్ల అడుగున చీకటిగా ఉంది. క్యాబేజీ చారు వాసన పైనుంచి వస్తోంది. అది అతనికి వెంటనే అర్థం కాలేదు.

"బూట్లు అక్కడే విప్పు," అంది ఇదలీన గొంతు పైనుంచి. "పైన తివాచీ ఉంది."

విప్పి ఎక్కాడు. ఆమె కొత్త పొయ్యి పక్కన కుర్చీ వేసుకుని, కూర్చునే గరిటె తిప్పుతోంది. లేసు గుడ్డ మడతపెట్టి బల్ల మీద ఉంది. మైనం పండ్లు కిటికీలోకి పోయాయి. సగం గోడ పొడవునా కింది వంటింటి గిన్నెలు బోర్లించి ఉన్నాయి.

"ఇక్కడేం చేస్తున్నావ్?"

"కనపడట్లా? చారు."

"కింద పొయ్యికేమైంది?"

"దానికేం కాలేదు. నాకే అయింది. పొద్దున సగం మెట్ల మీద కాళ్ళు నా మాట వినడం మానేశాయి. దిగలేను, ఎక్కలేను. లూసియా వచ్చేదాకా అక్కడే కూర్చున్నా, కోడిపెట్టలా." ఆమె గరిటె అంచుకు కొట్టింది. "మన అమ్మాయి నోరు నీకు తెలుసుగా. మధ్యాహ్నమంతా తిడుతూనే గిన్నెలన్నీ పైకి చేరేసింది. ఇక కిందికి దిగనని మాటిచ్చేశా. ఒక పని అయిపోయింది."

ఉర్బానో తలుపు చట్రం పట్టుకుని నిలబడ్డాడు.

"బండిలో పలకలున్నాయి. రేపు నేల వేస్తున్నాం."

"ఎవరికి?"

"నీకు."

గరిటె ఆగింది. ఆమె అతని మొహం చూసింది, తరవాత అతని కాళ్ళు చూసింది. కోపం వచ్చినా బాగుండేదని అతననుకున్నాడు.

"వెయ్యి, వెయ్యి," అంది నెమ్మదిగా. "కింద ఉన్న వైన్ పీపాలకైనా చలి తగలకుండా ఉంటుంది."

అతను కుర్చీ లాక్కుని బల్ల ముందు కూర్చున్నాడు. ఆమె కంచంలో చారు పోసి, రొట్టె తుంచి పక్కన పెట్టి, కంచాన్ని అతని వైపు నెట్టింది.

"తిను. ఈ పొయ్యి మీద ఉప్పు ఎంత పడుతుందో నాకింకా తెలీదు."

ఉప్పు సరిపోయింది. అతను ఆ మాటే చెప్పాడు. ఆమె తల ఊపింది.

తిన్నాక, పీపాలు చూసొస్తానని చెప్పి కిందికి దిగాడు. బూట్లు గుర్తు రాలేదు. చివరి మెట్టు దిగి టైల్స్ మీద పాదం పెట్టగానే చలి మేజోళ్ళలోంచి మడమల్లోకి, మడమల్లోంచి మోకాళ్ళలోకి పాకింది. దీపం వేశాడు. గోడ మీద గిన్నెలు వేలాడిన చోట మేకులు మిగిలాయి, వాటి చుట్టూ తెల్లటి గుండ్రటి మచ్చలు. నీలం పూలు నిన్న పరిచినట్టే ఉన్నాయి, ఒక్కటి చెదరలేదు. అంత బాగా వేశాడు. పాదాలు నొప్పి పుట్టేదాకా అతను ఆ నేల మీద నిలబడ్డాడు. ఆమె ఇక్కడ ఒక పూట నిలబడినంత సేపు కూడా నిలబడలేకపోయాడు.

దీపం ఆర్పబోతూ వెనక్కి తిరిగి చూశాడు. గిన్నెలన్నీ పైకి చేరేసిన లూసియా దాన్ని చెత్త అనుకుని వదిలేసి ఉంటుంది. అతను పని నుంచి తెచ్చి బయట పారేసే పెట్టెల్లో ఒకటి, విప్పి చదును చేసిన అట్ట, పొయ్యి ముందు ఇంకా అలాగే ఉంది, రెండు పాదాల మేర రంగు పోయి, మడమల దగ్గర నలిగి.