జానెడు జానెడు దిగిన ఇల్లు

సూరత్‌ల ఆల్థాన్ కాడ నాలా పక్కపొంటి ఒక మట్టి టేకరా, అంటే దిబ్బ, ఉంది. మన దిక్కు దాన్ని గుట్ట అంటే నవ్వుతరు, గంత చిన్నది. అయినా బల్లపరుపు సూరత్‌ల అదే కొండ. పొద్దున ఆరింటికి పాలాయన కింద సైకిల్ ఆపి, వెంకటవ్వ ఇల్లు ఇయ్యాల ఏడిదాకా వచ్చిందో ఓసారి తలెత్తి చూసుకునేటోడు. "మంచిగైందమ్మా, పోయిన నెల ఎక్కలేక సచ్చేటోణ్ని" అని ప్యాకెట్ చేతుల పెట్టి పోయేటోడు.

ఇల్లు వారానికి జానెడు దిగేది. రెండర్రలు, రేకుల కప్పు, ముంగట జామచెట్టు, బట్టలారేసే తీగ, నీళ్ల డ్రమ్ము, అన్నీ కలిసే దిగేటియి. పొయ్యి మీద చాయ తొణికేది కాదు. కరెంటాయన నెలకోపారి వచ్చి వైరు సదిరి పోయేటోడు. గ్యాస్ బండ మోసేటాయనైతే దిగినకొద్దీ ఖుషీ. 2021ల ఎండకాలం మొదలైన దిగుడు, దసరా దగ్గరపడేసరికి టేకరా అడుగుకొచ్చింది. ఇంకో పది జానలు దిగితే లింగమూర్తి గడపనే.

అందరికీ సంబురమే, ఒక్క లింగమూర్తికి తప్ప. పొద్దున పండ్లు తోముకుంట ఆ ఇంటి దిక్కు చూసేటోడు, నోట్ల నురగ అట్లనే ఉండిపోయేది.

లింగమూర్తిది సిరిసిల్ల దిక్కు. ఇరువై ఐదేండ్ల సంది సూరత్‌ల మరమగ్గాల మీద బతికి, ఒక సేటు కార్ఖానల మాస్టర్ అయిండు. అతనూ, దోస్తు రాజనర్సూ కలిసి ఈ టేకరా కొన్నరు. కింది వాలు లింగమూర్తిది, పైభాగం రాజనర్సుది. కొన్న ఏడాదే రాజనర్సు సెలవు దొరికిన ప్రతి ఆదివారం గడ్డపార పట్టి, కింది తొవ్వ నుంచి తన ఇంటిదాకా మట్టిల మెట్లు చెక్కి, ఇటుకలు పరిచిండు. ఇరువై రెండు మెట్లు. రాజనర్సు పెండ్లామే వెంకటవ్వ. వాళ్లకు పిల్లలు లేరు, లింగమూర్తి కొడుకు సంపత్‌నే ఎత్తుకొని తిప్పిండ్రు.

లాక్‌డౌన్ల మగ్గాలు బందైనయి. రాజనర్సు, వెంకటవ్వ శ్రామిక్ రైలెక్కి ఊరికి పోయిండ్రు. లింగమూర్తి పోలేదు. సంపత్ పెండ్లి కుదిరి ఉండె, పిల్ల సంగీత సూరత్ పక్కన కడోదరాలనే ఉండె. ఊరికి పోయే తొవ్వ లేదు, ఇంటిముంగటనే చేద్దామనుకున్నరు.

మనోళ్లల్ల పెండ్లిగద్దె పుట్టమన్నుతోనే వెయ్యాలె. పుట్టకు పసుపు కుంకుమ పెట్టి, ఐదు గంపలు తవ్వుకొని, "ఇంక చాలు తల్లీ" అని మొక్కి తిరిగి చూడకుంట రావాలె. సూరత్‌ల పుట్ట ఏడ దొరుకుతది? రాజనర్సు మెట్లల్ల కింది మెట్టు పక్కపొంటే ఒకటి పెరిగి ఉండె. లింగమూర్తి పెండ్లాం స్వరాజ్యం పసుపు పెట్టింది. లింగమూర్తి ఐదు గంపలు తవ్విండు. గడ్డపార వేస్తే మట్టి వెన్న లెక్క వస్తుండె. చేతులకు పని లేక రెండు నెలలైతుండె. అతను ఆరో గంప తవ్విండు.

ఐదు గంపల కాడ ఆగితే ఈ కథ ఉండకపోతుండె.

పెండ్లయింది, గద్దె తీసేసిండ్రు, తవ్వుడు మాత్రం ఆగలేదు. ఇంత తవ్వితే రెండు మగ్గాల జాగా వస్తది, ఇంకింత తవ్వితే నాలుగు. ఎన్నొద్దులు సేటు కిందనే బతుకుడు? సంపత్ కూడా తట్టలు మోసిండు. మెట్లు అడ్డమొచ్చినయి. ఇరువై రెండింట్ల పద్నాలుగు మెట్లు పోయినయి, మిగిలినయి గాలిల వేలాడినట్టు పైననే ఉండిపోయినయి. ఆ జాగల రేకుల షెడ్డు లేచింది.

గణేశ్ నిమజ్జనం అయినంక రాజనర్సోళ్లు వాపసొచ్చి, సంచులు కింద పెట్టి, మెట్ల దిక్కు చూసిండ్రు.

"ఏంది లింగమూర్తీ గిది?" అన్నది వెంకటవ్వ.

"వాన, వదినె. తొలి వానకే కొట్టుకపోయినయి. నేనే జర సదును చేసి షెడ్డేసిన, మళ్ల జారకుంట."

రాజనర్సు నమ్మిండు. దోస్తు మాట. "పోనీ తియ్, సల్లబడ్డంక మళ్ల చెక్కుత" అన్నడు. అప్పటిసంది వాళ్లు టేకరా ఎనకపొంటి, నాలా అంచున సన్నటి తొవ్వల తిరిగి ఎక్కిండ్రు.

చెక్కే రోజు రాలేదు. 2021 ఏప్రిల్ నెలల రాజనర్సుకు దమ్ము అందలేదు. ఎంతో సేపటికి అంబులెన్స్ వచ్చి టేకరా కింద ఆగింది. స్ట్రెచర్ పైకి పోదు, పై మనిషి కిందికి రాడు. మంచం మీద పండుకోబెట్టి నలుగురు నాలా తొవ్వల మోసుకొచ్చిండ్రు. ముంగటి కోడు పట్టింది లింగమూర్తే. జారుకుంట, ఆగుకుంట ముప్పావుగంట. ఆక్సిజన్ బండిలనే ఉంది, కిందనే ఉంది, ఆ ముప్పావుగంట అది అట్లనే కాసుకొని కూసుంది. రాజనర్సు కండ్లు లింగమూర్తినే చూస్తుండె. బండి కాడికొచ్చేసరికి ఆ కండ్లు నిలిచిపోయినయి.

"ఆ పాడు వాన నా మెట్లు మింగింది, నా మనిషిని మింగింది" అని వెంకటవ్వ గుండె బాదుకుంది. స్వరాజ్యం ఆమెను పట్టుకొని ఉండె. స్వరాజ్యం తలెత్తి మొగన్ని చూడలేదు.

పదోనాటి కర్మలైన తెల్లారి ఇల్లు మొదటి జాన దిగింది.

లింగమూర్తికి అన్నం సయించలేదు. పండుకుంటే మంచం కోడు చేతుల ఉన్నట్టే అనిపించేది. ఏం చెయ్యాలె? చెప్పాలంటే నోరు రాలేదు. మనిషి తప్పు ఒప్పుకునే ధైర్యం లేకుంటే దాన్ని దాచే తెలివి చూపిస్తడు, అతనూ గదే చేసిండు. టేకరా మొత్తం చదును చేసేతందుకు వార్డు ఆఫీసుల అర్జీ పెట్టిండు. చదునైతే ఎనిమిది మగ్గాలు పడతయి, అది పైకి చెప్పే మాట. లోపలి మాట వేరే. చదునైతే మెట్లు ఏడ ఉండెనో, గడ్డపార ఏడ పడెనో ఇంకెవ్వరికీ కానరాదు.

అర్జీల ఒక గడి ఉండె: వాలు అడుగు ఎట్ల తెగింది, దానంతటదా, మనిషి తవ్విండా? దానంతటదైతే చదునుకు పర్మిషన్. మనిషి తవ్వితే పర్మిషన్ లేదు, తవ్వినోడే అడుగున గోడ కట్టాలె. సంపత్ కలం పట్టుకొని అడిగిండు, "క్యా లిఖూఁ, బాపూ?"

"వాన అని రాయి."

సంపత్ తండ్రి మొఖం చూడకుంట రాసిండు.

చదునైతే వెంకటవ్వ ఇల్లు తీసేస్తరు. ఆమెకు కడోదరా అవతల సర్కారు బిల్డింగుల మూడో అంతస్తుల ఒక ఒంటర్ర ఖోలీ ఇస్తరు. లింగమూర్తి ఆమెకు ఈ ముచ్చట చెప్పినప్పుడు ఆమె అడ్డం మాట్లాడలేదు. "ఆయన లేనిది నాకు యాడైతేంది? నువ్వు మంచిచెడ్డ చూసేటోనివి. ఏడ సంతకం పెట్టమంటే ఆడ పెడత" అన్నది. అని అతనికి గిన్నెడు గారెలిచ్చి పంపింది. ఆ గిన్నె అతను ఇంటికి తేలేకపోయిండు. తొవ్వల కూసొని, ఒక్క గారె కొరికి, మింగలేక ఉమ్మేసిండు.

దసరాకు నాలుగు రోజుల ముందు తనిఖీ పడ్డది. వార్డు ఆఫీసు నుంచి ఇంజినీరమ్మ హేతల్‌బెన్ ఇద్దరు మనుషులతోని, టేపుతోని వచ్చింది. మాస్కు మీద కండ్లద్దాలు ఆవిరి కమ్ముతుంటే మాటిమాటికి తుడుచుకునేది. ముందు వెంకటవ్వ ఇంటి గోడ అడుగున, నేల మీద సున్నంతోని గీత గీసింది.

"వారానికి ఎంత దిగుతుంది?"

"జానెడు" అన్నడు సంపత్.

"ఇంకా కదులుతుందంటే ఉంచుడు కష్టం" అని హేతల్‌బెన్ రాసుకుంది. "వాలు తెగింది వానకేనా? పక్కింటామె ఏమంటది?"

వెంకటవ్వకు హిందీ రాదు, గుజరాతీ అసలే రాదు. సంపత్ అటుమాట ఇటు చెప్పాలె. ఆమె కొంగు సదురుకొని ముంగటికొచ్చింది.

"వాననే మేడం. మా లింగమూర్తి కండ్లార చూసిండు. ఆ వానకు నా ఉసురు తాకాలె. పోయినేడు సంది వాన పడ్డ ప్రతిసారి తిట్టిన, ఊకోలే. సచ్చేదాక తిడత." కలం కోసం చెయ్యి చాపింది. "ఏడ పెట్టాలె బిడ్డా?"

సంపత్ నోరు తెరిచిండు. హేతల్‌బెన్ "క్యా బోల్ రహీ హై?" అని రెండుసార్లు అడిగింది. పోరడు మాస్కు కిందికి గుంజుకొని, పైకి గుంజుకొని, నేల చూసిండు.

"మైఁనే ఖోదా, మేడం" అన్నడు లింగమూర్తి. "బారిశ్ నహీఁ. మైఁనే."

హిందీల అనుడు అతనికి అంత కష్టం కాలేదు. పరాయి భాష, పరాయి మనిషి. హేతల్‌బెన్ కలం ఆపింది. స్వరాజ్యం షెడ్డు గడప మీద కూలబడ్డది. వెంకటవ్వ ఒక్కతే ఏమీ తెలువక అందరి మొఖాలు చూస్తుండె, చెయ్యి ఇంకా చాపే ఉండె.

"ఏమన్నడు సంపత్? ఏమైందిరా?"

సంపత్ చెప్పలేదు. అది లింగమూర్తే చెప్పాల్సొచ్చింది, తెలుగుల.

"వాన కాదు, వదినె. నేను తవ్విన. పెండ్లికి పుట్టమన్ను తియ్యవోయి, ఐదు గంపల కాడ ఆగలే. మెట్లు నేను తీసిన. పద్నాలుగు మెట్లు. అన్న దిగలేక పోయింది నా వల్ల."

వెంకటవ్వ చెయ్యి మెల్లగ దించుకుంది. నాలా అవతల ఎవరో గిర్నీ చాలూ చేసిండ్రు.

"మెట్లుంటే ఆయన బతుకుతుండెనో లేదో, గది దేవునికెరుక" అన్నది ఆఖరుకు. "కానీ లింగమూర్తీ, ఏ పాపం ఎరుగని వానను నాతోని తిట్టిపిచ్చినవ్. నేను తిట్టుకుంట నీ ఇంట్లనే కూసొని చాయ తాగిన. నువ్వు ఇన్నవ్."

లోపలికి పోయి తలుపేసుకుంది.

తెల్లారి హేతల్‌బెన్ మనిషి వచ్చి సున్నం గీత చూసిండు. ఇల్లు గీత మీదనే ఉంది. ఏడోనాడు అట్లనే, పదిహేనోనాడు అట్లనే. "కదలిక లేదు, ఇల్లు ఉండొచ్చు" అని ఫైలుల రాసుకున్నరు. చదునుకు పర్మిషన్ రాలేదు. లింగమూర్తి షెడ్డు తీసేసి, అడుగున రాతిగోడ కట్టాల్సొచ్చింది. ఇల్లు ఆగిన జాగా లింగమూర్తిది. దాన్ని వెంకటవ్వ పేర రాసిచ్చిండు. స్వరాజ్యం కాయితం తీసుకపోయి ఇచ్చింది. వెంకటవ్వ తీసుకుంది, లోపలికి రమ్మనలేదు.

ఇగ రెండు తలుపులు ఎదురెదురు, నడుమ బండి పట్టేంత తొవ్వ. పొద్దున లేస్తే ఆమె మొఖమే. ఆమె వాకిలి ఊడ్చేది, నీళ్లు చల్లేది, అతని దిక్కు చూసేది కాదు. తిట్టినా బాగుండు అనుకునేటోడు లింగమూర్తి. తిట్టలేదు. మూడు నెలలు ఒక్క మాట లేదు.

జనవరి నెలల ఒకనాడు పొద్దున పదైనా ఆమె తలుపు తెరువలేదు. లింగమూర్తి రెండుసార్లు గడపదాకా పోయి వాపసొచ్చిండు. నేను పిలిస్తే పలుకుతదా? మూడోసారి లోపల నుంచి దగ్గు వినబడ్డది, ఆ దగ్గు నడుమ దమ్ము గుంజే సప్పుడు. ఆ సప్పుడు అతనికి తెలుసు. తలుపు తోసిండు. వెంకటవ్వ నేల మీద ఒరిగి ఉంది, పెదవులు నల్లబడ్డయి. సంపత్ అంబులెన్స్‌కు ఫోన్ చేసిండు. బండి వచ్చి తలుపు ముంగటనే ఆగింది. లింగమూర్తి ఆమెను రెండు చేతుల మీద ఎత్తుకొని, నాలుగడుగులేసి, బండిల పండుకోబెట్టిండు. ఆక్సిజన్ పెట్టిండ్రు. ఆమె ఛాతీ లేచింది, దిగింది, మళ్ల లేచింది. ఇంకో పావుగంటైతే దక్కకపోతుండె అని దవాఖానల డాక్టర్ సంపత్‌తోని అన్నడట.

పదకొండోనాడు వెంకటవ్వ దవాఖాన నుంచి వచ్చి ఆటో దిగింది. చిక్కిపోయింది, సంగీత రెక్క పట్టుకొని ఉండె. ఆమె లోపలికి పోలేదు. తొవ్వ చూసింది, తన తలుపు చూసింది, టేకరా పైకి చూసింది. లింగమూర్తి తన వాకిట్ల నిలబడి ఉండె.

"లింగమూర్తీ" అన్నది. "నన్ను ఇంట్లకెళ్లి బండెక్కించేసరికి ఎంతసేపైంది?"

పది నిమిషాలని చెప్పొచ్చు. యాది లేదని చెప్పొచ్చు. గా మాట అడిగింది ఎందుకో అతనికి తెలుసు, జవాబు ఆమెకు ఎంత తగులుతదో కూడా తెలుసు. ఆనాటి ముప్పావుగంట ఇద్దరికీ యాదున్నది.

"రెండు నిమిషాలు, వదినె."

"రెండే?"

"రెండే."

వెంకటవ్వ సంగీత చెయ్యి విడిపించుకొని తన గడప మీద కూసుంది. "రెండు నిమిషాలేనట, ఓ అయ్యా" అని పోయిన మొగనితోని అన్నట్టు పైకి చూసి, కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్చింది. ఆయన పోయిననాడు వానను తిట్టిందే గానీ ఇట్ల ఏడ్వలేదు. సంగీత దగ్గరికి పోబోతే చెయ్యితోని ఆపింది. లింగమూర్తి లోపలికి పోలేదు. ఆమె ఏడ్పు ఒడిసేదాక ఎదురుంగ ఎండల నిలబడ్డడు.