సమ్మెలో సన్మానం

సెప్టెంబరు ముప్పయ్యో తారీఖున కోటేశ్వరమ్మ టీచర్ రిటైరవుతోంది. బడికేమో రెండు వారాలుగా తాళం. తెలంగాణ కోసం ఊరు ఊరంతా సమ్మెలో ఉంది. బస్సులు డిపో దాటడం లేదు, సార్లూ టీచర్లూ దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు పక్కన టెంటులో కూర్చుంటున్నారు. తాళం వేసిన బడిలోంచి మనిషి ఎలా రిటైరవుతుందో దశరథకు ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

దశరథ కొత్తపేటలో స్కూటర్ మెకానిక్కు. పాతికేళ్ళ కిందట నల్లగొండ పల్లె నుంచి తల్లి వెంట ఇక్కడికొచ్చి ఒకటో తరగతిలో చేరాడు. వాచకంలో కుందేలు బొమ్మ చూసి "చెవులపిల్లి" అన్నాడని పిల్లలంతా నవ్వారు. కోటేశ్వరమ్మ నవ్వలేదు. బోర్డు మీద ముందు వాడి మాట రాసి, దాని కింద పుస్తకంలో మాట రాసింది. "రెండూ ఒకటే. మీ ఇంట్లో ఇది, పుస్తకంలో అది," అంది. తన నోట్లో మాటకు కూడా అక్షరాలుంటాయని దశరథకు ఆ రోజే తెలిసింది. అప్పటినుంచి బడి ఎగ్గొట్టలేదు. ఇప్పుడు వాడి కూతురు సౌందర్య ఆవిడ దగ్గరే ఒకటో తరగతి.

అలాంటి మనిషిని ఊరకే ఎలా పంపడం? టెంటులోనే సన్మానం చేద్దామని జగన్‌ను అడిగాడు. జగన్ తనతో కలిసి చదివినవాడే, ఇప్పుడు కాలనీ జేఏసీ కన్వీనరు.

"చేద్దాం తియ్యి. ఫ్లెక్సీ నేను కొట్టిస్త," అన్నాడు జగన్. అంతలోనే గొంతు తగ్గించాడు. "గాని జర ఆగు. టీచర్‌ది తెనాలి కదరా?"

"అవ్. అయితే ఏంది?"

"నాకేం లేదురా. నాకు ఎక్కాలు నేర్పింది ఆమెనే. కానీ టెంటుల అందరు ఒక్క తీరుగ ఉండరు. ఎవడన్న ఒక మాటంటే పెద్దమనిషి మనసు నొస్తది. ఊరు పేరు ఎత్తకు."

దశరథ తలూపాడు. తన మెకానిక్ కొట్టుకు తిరిగొచ్చాక ఎందుకు తలూపానా అనిపించింది. ఊరు చెబితే ఎవడో ఒకడు అవమానిస్తాడు. దాచిపెడితే ఆ అవమానం తనే చేసినట్టు. "ఆంధ్రోళ్ళు పోవాలె" అని మొన్న మైకులో అరిచినవాళ్ళలో తనూ ఉన్నాడు. ఆ పోవాల్సినవాళ్ళలో టీచర్ కూడా ఉందా? అప్పుడు తోచనే లేదు. చేతిలో కార్బరేటర్ విప్పి, బిగించి, దేనికి విప్పాడో మరిచిపోయాడు.

సాయంత్రం సైదాబాద్‌లో ఆవిడ ఇంటికి వెళ్ళాడు. కోటేశ్వరమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. సన్మానం సంగతి చెప్పి, తక్కినది చెప్పలేక నసిగాడు.

"మా ఊరి గొడవ వచ్చిందా?" అందావిడ.

"తప్పు పట్టకుండ్రి టీచర్."

"తప్పేముంది? నాకే తెలియడం లేదు నాయనా. మొన్న తెనాలిలో పెళ్ళికి వెళితే 'మీ తెలంగాణా వాళ్ళకేమైంది' అని నన్ను పట్టుకున్నారు. మీ తరఫున వాదించి వచ్చాను. ఇక్కడికొచ్చి సమ్మె కాగితం మీద సంతకం పెట్టాను. ఇష్టపడి పెట్టావా, భయపడి పెట్టావా అంటే చెప్పలేను. రెండూ ఉన్నాయేమో."

దశరథ పీట లాక్కుని కూర్చుని, తనూ ఒక చిక్కుడుకాయ అందుకున్నాడు.

"శాలువాలు వద్దు. పిల్లల్ని ఒక్కసారి చూడనివ్వు. బడి మూసేముందు, సోమవారం వస్తానని వాళ్ళకు చెప్పి వచ్చేశాను."

"పిల్లలను పిలిస్తె బడి నడిపినట్టయితది టీచర్. సమ్మె తప్పినట్టు."

"అవును కదూ," అందావిడ. ఇద్దరూ కలిసి మిగతా చిక్కుడుకాయలు ఒలిచారు.

ముప్పయ్యో తారీఖున వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు వెలిగించి, వండుకుని, అక్కడే తినే నిరసన. దశరథ ఇంటింటికీ తిరిగి తల్లులను పిల్లలతో రమ్మన్నాడు. ఎందుకని అడిగితే సగం మందికి వంటావార్పు అన్నాడు, సగం మందికి సన్మానం అన్నాడు. రెంటిలో ఏది నిజమో వాడికే తెలియలేదు.

టీచర్ ఆటోలో వచ్చింది. జగన్ దండ వేసి, మైకు దశరథ చేతిలో పెట్టాడు. రాసుకొచ్చిన కాగితం చెమటకు తడిసి ముద్దయింది.

"మా టీచర్‌ది..." అని ఆగాడు. "మా టీచర్‌ది తెనాలి," అనేశాడు.

వెనక ఎవరో "ఏందీ?" అన్నారు. ఇద్దరు చప్పట్లు మొదలుపెట్టి, తమకు తోడెవరూ లేరని ఆపేశారు. జగన్ నుదురు పట్టుకున్నాడు. పొయ్యి దగ్గర అన్నం కలుపుతున్న లచ్చమ్మ మాత్రం తలెత్తి, "ఊరు సంగతి తర్వాత. పోరగాండ్లు ఎండల నిలవడ్డరు, నీడకు పిలువుండ్రి," అని కసిరింది.

పిల్లలు లోపలికొచ్చి, ఎవరూ చెప్పకుండానే వరసల్లో కూర్చున్నారు. కోటేశ్వరమ్మ చెయ్యి బల్ల మీద హాజరు పట్టీ కోసం వెతికింది. పట్టీ బడిలో ఉంది. అయినా మొదలుపెట్టింది.

"ఆకాశ్."

"వచ్చిన టీచర్."

"మధు."

"ఊరికి పోయిండు టీచర్."

కాగితం లేకుండా ముప్పై ఎనిమిది పేర్లు, వరస తప్పకుండా పిలిచింది. రానివాళ్ళ దగ్గర ఒక్క క్షణం ఆగి ముందుకు పోయింది.

"గిదేంది జగనన్నా?" అన్నాడు కుర్చీలోంచి ఒకాయన. "సమ్మెల హాజరు తీస్తుండ్రు. బడి నడుస్తున్నట్టా?"

"హాజరే గదనే, పాఠం కాదు," అన్నాడు జగన్, తనకే నమ్మకం లేని గొంతుతో.

పేర్లు అయ్యాక సౌందర్య లేచి నిలబడింది. "టీచర్, బడి ఎప్పుడు తెరుస్తరు?"

"తెరుస్తారమ్మా. నేను రాను."

"మీరు ఇంకా సమ్మె చేస్తరా?"

టెంటంతా నవ్వింది. కోటేశ్వరమ్మ కూడా నవ్వి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. తర్వాత పిల్లల మధ్య రోడ్డు మీదే విస్తరి ముందు కూర్చుని తిన్నది.

దశరథ ఆవిడను స్కూటర్ మీద దింపాడు. దిగుతూ అడిగింది: "తెనాలి అని ఎందుకన్నావురా?"

"తెల్వదు టీచర్."

"మంచిపని చేశావో లేదో నాకూ తెలీదు. విన్నాక మాత్రం ఊపిరాడింది," అని లోపలికి వెళ్ళింది.

దశరథ తిరిగొచ్చేసరికి టెంటు ఖాళీ అయింది. జగన్ ఒక్కడే ఫ్లెక్సీ విప్పుతున్నాడు.

"ఊరు పేరు ఎత్తకు అంటి గదరా."

"అన్నవ్."

"మరి మంచిగనే అయినట్టా?"

"నువ్వే చెప్పాలె, కన్వీనరువి."

జగన్ ఫ్లెక్సీ తాడు ముడి విప్పాడు. "నాకేం సమజ్ అయితలేదు," అన్నాడు. "ఆ కొస పట్టుకో."