వీపు వెనక అమ్మవారు

పల్లకి ముందు కర్ర పట్టుకున్నవాడికి అమ్మవారి ముఖం కనబడదు. ఊరేగింపు చూడడానికి వచ్చినవాళ్ళలో ఒక్కరికీ ఈ సంగతి తట్టదు. జనం అమ్మవారిని చూస్తూ దండాలు పెడతారు, ముందు కర్ర మోసేవాడు జనాన్ని చూస్తూ నడుస్తాడు. ఇస్త్రీ పిన్ని మొగుడు పెళ్ళికి ముందు నుంచీ అలాగే నడిచాడు. వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆయన పల్లకి బాబాయి. ఉత్సవాలు అయిపోయాక కుడి చెయ్యి పైకి లేవక, కొన్నాళ్ళపాటు ఇస్త్రీ పెట్టె ఎడమ చేత్తో తోసేవాడు. ఆ రోజుల్లో వాళ్ళ దుకాణంలో ఇస్త్రీ అయిన చొక్కాల కాలర్లు చూసి వాడుకగా బట్టలిచ్చేవాళ్ళు నవ్వుకునేవారు గానీ, ఎవరూ ఏమీ అనేవారు కాదు.

"ఇన్నేళ్ళు మోసి ముఖం చూడనివాడివి నువ్వొక్కడివే. ఒక్క ఏడాది వెనక కర్ర పట్టుకోరాదూ? పైన అలంకారమైనా కనబడుతుంది," అని పిన్ని ఎన్నిసార్లు పోరు పెట్టిందో.

"ముందు కర్ర ఒకసారి వదిలానంటే మళ్ళీ నా చేతికి వస్తుందటే?" అనేవాడు ఆయన.

ఉన్న మాట చెప్పాలంటే అది భక్తి కాదు, పట్టుదల. ముందు కర్ర వాడు ఎటు తిరిగితే అమ్మవారు అటు తిరుగుతుంది. ఇంటి దగ్గర భార్య మాట, దుకాణంలో ఖాతాదార్ల మాట వినే మనిషికి ఏడాదికోసారి ఆ పెత్తనం దక్కేది. గుళ్ళో కూర్చున్న అమ్మవారిని రోజూ చూసేవాడే. కానీ గుళ్ళో ఆవిడ యజమానురాలు. పల్లకి ఎక్కి వీధిలోకి వచ్చిన ఉత్సవమూర్తి మాత్రం పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల. పూలు, దీపాలు, కొత్త చీరతో ఇంటింటి ముందూ ఆగుతుంది. ఆ ముఖంలో నవ్వే వేరని అందరూ చెప్పుకుంటుంటే వినేవాడు.

పోయిన ఏడాది ఉత్సవాల నాటికి ఆయన ఆసుపత్రిలో ఉన్నాడు. గుండె బలహీనపడి, ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఇంటికి వచ్చాక కర్ర సంగతి ఎత్తలేదు. ఆయన మోసిన చోట ఇప్పుడు తాపీ మేస్త్రీ మోస్తున్నాడు. ఈ ఏడు ఉత్సవాలు దగ్గర పడుతుంటే మంచం దుకాణం నడిపే ముందుగదిలోకి, కిటికీ పక్కకి మార్పించుకున్నాడు. ఒక పక్క ఇస్త్రీ బల్ల, ఒక పక్క ఆయన, మధ్యలో పిన్ని పక్కకి తిరిగితే గానీ పట్టనంత సందు.

"ఈసారి నేనూ జనంలో ఒకణ్ణి. ఎదురుగా చూస్తాను. అది చూశాక నన్ను ఎటు తీసుకుపోయినా సరే," అన్నాడు.

"ఎటూ తీసుకుపోరు. మాత్ర మింగు," అంది పిన్ని.

ఊరేగింపు రోజు పొద్దున్నే అమ్మవారి చీర ఇస్త్రీ చేసింది. పట్టుచీర మీద తెల్లటి పల్చని గుడ్డ పరిచి, దాని మీంచి పెట్టె తోసింది. ఆయన దిండుకి ఆనుకుని మాటిమాటికీ హెచ్చరించాడు. "జరీ దగ్గర వేడి తగ్గించు. చీర కాలిందంటే అమ్మవారు ఊరుకుంటుందేమో గానీ పూజారి ఊరుకోడు." ఆమె చీరని రెండు చేతుల మీద పెట్టుకుని గుడికి వెళ్ళి ఇచ్చి వచ్చింది.

తిరిగి వచ్చేసరికి ఆయన ముఖం కిటికీ వైపుంది. పిన్ని చెప్పులు విడుస్తూ కబుర్లు మొదలుపెట్టింది. చీర చూసి పూజారిగారు ఏమన్నారో, పూలవాడు ఎంత ఆలస్యం చేశాడో, మేస్త్రీ భుజానికి కట్టుకోవడానికి ఈయన పాత తువ్వాలు ఎలా అడిగాడో, అన్నీ చెప్పింది. పెట్టె తిరిగి వేడెక్కడానికి పెట్టింది. ఒక చొక్కా తీసి నీళ్ళు చిలకరించింది. "వింటున్నావా?" అంది. అప్పుడు దగ్గరికి వెళ్ళింది.

చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. ఊపిరి మాత్రం లేదు.

నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే కిటికీ బయట మేస్త్రీ గొంతు వినబడింది. పల్లకి మోసేవాళ్ళు ఊరేగింపు కోసం వీధి కడుగుతున్నారు. "పిన్నీ! సాయంత్రం మీ గుమ్మం ముందే ముందుగా ఆపుతాం. బాబాయికి దిండ్లు పెట్టి లేపి కూర్చోబెట్టు!"

పిన్ని గొంతులోకి వచ్చిన ఏడుపు అక్కడే నిలబడిపోయింది. వీధిలో శవం ఉంటే అమ్మవారు ఆ వీధిలో అడుగు పెట్టదు. అది అందరికీ తెలిసిన కట్టుబాటు. ఇదివరకోసారి ఊరేగింపు నాడు చెప్పుల దుకాణం పెద్దాయన పోతే పల్లకిని వెనక వీధి గుండా తిప్పారు. తిప్పింది మరెవరో కాదు, ముందు కర్ర పట్టుకున్న ఈయనే. ఆ ఇంటి ఆడవాళ్ళు చేతులు జోడించి నిలబడ్డా తల తిప్పి చూడలేదు. ఇప్పుడు తనే ఆ కట్టుబాటు తప్పితే ఈయన మెచ్చుకుంటాడా, తిడతాడా? అడగడానికి మనిషి లేడు.

"సరే నాయనా," అంది పిన్ని బయటికి.

ఆ ఒక్క మాటతో ఇక వెనక్కి వెళ్ళలేని చోటికి వచ్చేసింది. తెరిచి ఉన్న ఆయన కళ్ళు మూయాలని ఆమెకి తెలుసు. చెయ్యి ముఖం దాకా వెళ్ళింది. ఇప్పుడు మూసేస్తే ఇక ఆయన చూసేదేముంది అనిపించి వెనక్కి తీసుకుంది. తల కింద ఇంకో దిండు పెట్టి, ముఖం సరిగ్గా వీధి వైపుకి తిప్పి, గుండెల దాకా దుప్పటి కప్పి, కిటికీకి తెర లాగింది.

దుకాణం మూసేస్తే నలుగురూ వచ్చి ఎందుకని అడుగుతారు. అందుకని రోజంతా ఇస్త్రీ చేసింది. పండగ పూట బట్టల రద్దీ అంతా ఇంతా కాదు. వచ్చినవాళ్ళందరికీ వేలు పెదవుల మీద పెట్టి మంచం చూపించింది. "సాయంత్రానికి ఓపిక ఉండాలని పడుకున్నారు." పాపం వాళ్ళూ గొంతు తగ్గించి, మునివేళ్ళ మీద నడిచి వెళ్ళిపోయారు. ఎవరో ఒకాయన, "పడుకోనీ, అదృష్టవంతుడు. మా ఇంట్లో పగలు కునుకు తీస్తే ఊరుకోరు," అని నవ్వాడు. పిన్ని కూడా నవ్వింది. నవ్వుతూనే ఇంకో చొక్కా తీసుకుంది. సందులో అటూ ఇటూ తిరుగుతున్నప్పుడల్లా ఆయన చెయ్యి ఆమె నడుముకి తగిలేది. ప్రతిసారీ ఇంకాస్త చల్లబడి ఉండేది.

మధ్యాహ్నం ఆడపడుచు వచ్చింది. నాలుగు వీధుల అవతల కాపురం, అన్నయ్యంటే ప్రాణం. మెత్తగా వండిన అన్నం గిన్నెలో పెట్టుకొచ్చింది. గుమ్మంలోనే పిన్ని అడ్డం నిలబడింది.

"ఇప్పుడే కన్నంటుకుంది. లేపకు."

"లేపనులే వదినా, చూసి వస్తా."

"నిన్ను చూస్తే లేచి కూర్చుంటారు. కబుర్లు మొదలెడితే సాయంత్రానికి ఓపిక ఉండదు."

"అబ్బో, మొగుణ్ణి దాచుకుంటున్నావా నా దగ్గర?" అని ఆడపడుచు నవ్వి, గుమ్మం మెట్టు మీద కూర్చుంది. అన్నయ్య చిన్నప్పుడు గోడ దూకి కాలు విరగ్గొట్టుకున్న వైనం, తల్లి చేత తిట్లు తిన్న వైనం, తనే చెప్పుకుని తనే పడీ పడీ నవ్వింది. పిన్ని ఇస్త్రీ చేస్తూ ఊ కొట్టింది. ఆ అమ్మాయికి చేస్తున్న అన్యాయం ఎంతటిదో పిన్నికి తెలుస్తూనే ఉంది. చెప్పేస్తే? ఆ మనిషి ఏడిస్తే గుడి దాకా వినబడుతుంది. చెప్పలేదు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి డప్పులు మొదలయ్యాయి. పిన్ని గదిలో దీపం వెయ్యలేదు. వీధిలో వెలుతురు, గదిలో చీకటి, కనుక బయటినుంచి చూసేవాళ్ళకి దిండు మీద ఒక తల ఉందని మాత్రమే తెలుస్తుంది. తెర పూర్తిగా పక్కకి లాగింది. మైలలో ఉన్న తను హారతి పళ్ళెం ముట్టుకోకూడదు. "చేతులు వణుకుతున్నాయి, నువ్వు పట్టుకో," అని ఆడపడుచు చేతికిచ్చింది. ఆ మాటకొస్తే ఆమెకీ మైలే. అమ్మవారు కోప్పడితే నా మీదే కోప్పడాలి, ఈ పిల్ల మీద కాదు అని పిన్ని మనసులో వేడుకుంది.

పల్లకి వచ్చి గుమ్మం ముందు ఆగింది. మేస్త్రీ గట్టిగా అరిచాడు. "బాబాయ్! ఇన్నేళ్ళూ నువ్వు తిప్పావు, ఇవాళ నీ కోసం తిప్పుతున్నాం!" నలుగురూ అడుగులు మార్చి, పల్లకిని అడ్డంగా తిప్పి, అమ్మవారి ముఖం కిటికీకి ఎదురుగా నిలిపారు. అలా ఇంతకు ముందు ఎవరి ఇంటికీ చెయ్యలేదు. డప్పులు ఆగాయి. పిన్ని బయట, కిటికీ పక్కన గోడకి భుజం ఆనించి గదిలోకి చూస్తోంది.

"కనబడుతోందా బాబాయ్?"

జవాబు కోసం వీధి అంతా నిశ్శబ్దంగా నిలబడింది.

"కనబడుతోందట," అంది పిన్ని. "చాలా బాగుందట."

జనం ఒక్కసారిగా జేజేలు పలికారు. ఆడపడుచు హారతిచ్చింది. కళ్ళు తుడుచుకుంటూ పూజారిగారు పల్లకి పక్కనుంచి వచ్చి, పిన్ని వెనక్కి జరిగే లోపే ఆమె అరచేతిలో అమ్మవారి కుంకుమ వేశారు. అలవాటుగా ఆమె వంగింది. అలవాటుగా ఆయన దీవించారు.

"దీర్ఘ సుమంగళీ భవ."

"తథాస్తు," అంది పక్కనే ఆడపడుచు, మనస్ఫూర్తిగా. "పెట్టుకో వదినా, చూస్తావేం?"

పిన్ని పెట్టుకుంది. మిగిలిన కుంకుమ కొంగు చివర ముడివేసింది.

పల్లకి కదిలి మలుపు తిరిగింది. ఆడపడుచు పళ్ళెం కింద పెట్టి, "అన్నయ్యా, చూశావా?" అంటూ ఒక్క పరుగున లోపలికి వెళ్ళింది. పిన్ని వెనకే వెళ్ళి తలుపు గడియ పెట్టింది. చీకట్లో ఆడపడుచు అన్నయ్య కాళ్ళు తడిమింది.

"వదినా... కాళ్ళు చల్లగా ఉన్నాయి."

"పొద్దున. చీర ఇచ్చి వచ్చేసరికి."

ఆడపడుచు ఆమె భుజాలు పట్టుకుని కుదిపింది. "పొద్దుననా? నేను మెట్టు మీద కూర్చుని నవ్వాను కదే! పక్కన అన్నయ్య శవమై ఉంటే నా చేత నవ్వించావు కదే!"

"చెబితే ఏడుస్తావు. ఏడిస్తే వీధికి తెలుస్తుంది. తెలిస్తే అమ్మవారు రాదు."

"వచ్చి ఏం చేసింది? వాడు చూశాడా?"

రోజంతా ఆమె అబద్ధాలాడింది, నవ్వింది, కట్టుబాటు తప్పింది, సొంత ఆడపడుచుని గుమ్మంలో ఆపింది. అంతా ఒక్క చూపు కోసం. ఆ చూపు చూడాల్సిన మనిషి పొద్దున్నే వెళ్ళిపోయాడు.

"వెలుగు ముఖం మీద పడింది," అంది చివరికి. "కళ్ళు మెరిశాయి. చూస్తున్నారనే అనుకున్నాను, ఒక్క క్షణం."

"అమ్మవారు ఎలా ఉందో చూసి నువ్వైనా చెప్పావా వాడికి?"

"నేను చూడలేదు."

"చూడకపోవడమేమిటి? అక్కడే నిలబడ్డావుగా!"

"ఆయన్నే చూస్తున్నాను. అమ్మవారు నా వెనకుంది." చెబుతుంటేనే పిన్నికి అర్థమైంది. "నేనూ చూడలేదమ్మా. ఇంత చేసి, ఇద్దరిలో ఒక్కరమూ చూడలేదు."

ఆడపడుచు చేతులు భుజాల మీంచి జారిపోయాయి. అప్పుడు ఏడుస్తుందనుకుని పిన్ని అప్రయత్నంగా వీధి వైపు చూసింది. డప్పులు ఇంకా వినబడుతూనే ఉన్నాయి. ఆడపడుచు కూడా అటు చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రెండు మూడు సార్లు గట్టిగా ఊపిరి పీల్చుకుని, మంచం పక్కన నేల మీద కూర్చుని, అన్నయ్య చెవి దగ్గర నోరు పెట్టింది.

"అన్నయ్యా, నేను చూశాను. చెబుతా విను. చామంతులు కట్టారు, నెత్తి మీద నుంచి పాదాల దాకా. ముక్కుపుడక దీపానికి తళతళలాడింది. నీ వైపు తిప్పగానే కాస్త ముందుకి వంగినట్టు అనిపించింది అన్నయ్యా, వీణ్ణి ఎక్కడో చూశానే అన్నట్టు. నీలం చీర కట్టింది. వదిన ఇస్త్రీ చేసిన చీర. ఎక్కడా ఒక్క ముడత లేదు."

అంతవరకూ నిలబడి వింటున్న పిన్ని ఆ మాటకి కూలబడిపోయింది. ఇస్త్రీ బల్ల కింద మడత పెట్టని బట్టల కుప్ప ఉంటే అందులో ముఖం దాచుకుని, చప్పుడు బయటికి పోకుండా ఏడ్చింది. ఆడపడుచు ఆమె వీపు మీద ఒక చెయ్యి వేసి, రెండో చేత్తో అన్నయ్య చెయ్యి పట్టుకుని, అమ్మవారి గాజుల గురించి, పాదాల గురించి, నవ్వు గురించి మెల్లగా చెబుతూనే ఉంది.

డప్పులు దూరమై, గుడి దగ్గర ఆగిపోయాయి. అప్పుడు పిన్ని లేచి తలుపు గడియ తీసింది.