మందు అన్న మాట

పై అంకె నూట తొంభై ఆరు, కిందది డెబ్బై ఎనిమిది. కారు నడుపుతున్నా ఆ అంకెలే నా కళ్ళముందు తిరుగుతున్నాయి. డెబ్బై రెండేళ్ళ డోరిస్ ఆంటీకి రెండు వారాల కిందట నేను చూసిన బీపీ అది. ఆమె నిన్న మళ్ళీ క్లినిక్‌కి రావాలి, రాలేదు. ఆమె అక్క లొరెయిన్ ఇలాగే పై అంకె పెరిగి, పక్షవాతం వచ్చి మంచాన పడింది. గ్రీన్‌వుడ్ పార్క్‌లోని ఆమె ఇంటికి వెళ్ళే దారిలో సిగ్నళ్ళన్నీ నాకే ఎర్రగా వెలిగాయి.

బాపట్ల నుంచి డర్బన్‌కి డాక్టర్‌గా వచ్చి నాకు రెండేళ్ళు. తాతముత్తాతల కాలంలో వలస వచ్చిన ఇక్కడి మనవాళ్ళకు తెలుగులో వంటల పేర్లూ తిట్లూ మాత్రం మిగిలాయి. డోరిస్ ఆంటీకి ఇంకాస్త ఎక్కువే మిగిలింది. అందుకే ఆమెతో తెలుగు మాట్లాడి తెగ మురిసిపోయాను. "ఈ మందు రోజూ వేసుకోవాలి, బతికినన్నాళ్ళూ మానకూడదు" అని మూడుసార్లు చెప్పాను.

ఆంటీ తలుపు తీసింది. నేనిచ్చిన డబ్బా మూత విప్పకుండా బైబిల్ పక్కన ఉంది. నాకు ఒళ్ళు మండింది.

"ఒక్కటీ వేసుకోలేదా? షుగర్ మాత్రలు మాత్రం వేళకు మింగుతారే!"

"అది టాబ్లెట్, అమ్మీ. ఇది మందు. నువ్వే చెప్పినావు."

"రెండూ ఒకటే కదా ఆంటీ!"

"ఒకటి కాదు. మా అవ్వ ఎవరికో కూరలో మందు పెట్టిందని అందరూ చెప్పినారు. అప్పుడు మేమున్న సీ కౌ లేక్‌లో ఎవరూ మా ఇంట టీ తాగలే. జీసస్ దగ్గరికొచ్చినాక మేము మందు టచ్ చేసేది లేదు."

నా కోపమంతా చప్పున దిగిపోయింది. బీపీ చూశాను. రెండు వందల నాలుగు. డబ్బా మూత విప్పి ఒక మాత్ర తీశాను.

"ఇది టాబ్లెట్ ఆంటీ, ప్రెషర్ టాబ్లెట్" అన్నాను. వయసు పైబడితే రక్తనాళాలు గట్టిపడతాయనీ, కింది అంకె బాగున్నా పైది ఒక్కటే పెరిగి ప్రాణం మీదికి తెస్తుందనీ అంతా ఇంగ్లీషులోనే చెప్పాను. తల ఊపింది. నీళ్ళతో మాత్ర మింగింది.

"అనుమానం ఉంటే ఆ రోజే అడగొచ్చుగా?"

డోరిస్ ఆంటీ నా చెయ్యి పట్టుకుంది.

"ఇంగ్లీష్ డాక్టర్ చెప్తే నేను నమ్మేది సగమే, అమ్మీ. నువ్వు మా అమ్మ మాటలో చెప్పినావు. మందంటే మందే అని అంతా నమ్మినాను."