గెడ అందని నీళ్ళు

లాడ్జి గదిలో కట్టిన తాడు మీంచి భర్త లుంగీ తీసి మడత పెట్టింది కనకరత్నం. ఇంకా తడిగానే ఉంది. సముద్రం గాలికి బట్టలు ఆరవు. దాన్ని వేరే కవర్లో పెట్టింది. మనవరాలి పాలసీసా కడిగింది. ఫ్లాస్కులో వేడినీళ్ళు పోయించుకొచ్చింది. కిటికీ అవతల కొబ్బరిచెట్ల వెనక సముద్రం ఉంది. అండమాన్ వచ్చిన దగ్గర్నుంచీ అక్కడే ఉంది. ఆమెకే తీరిక దొరకలేదు.

"అత్తయ్యా, స్పీడు బోట్లు ఆపేశారంట. గాలి ఎక్కువగా ఉందంట," అంది కోడలు గీతాంజలి ఫోను చూస్తూ. "పోర్ట్ బ్లెయిర్‌కి పెద్ద ఓడలో వెళ్ళాలంట. ఆయన టిక్కెట్లకి వెళ్ళారు."

"ఆ పాత ఓడా? మునిగిపోదు కదా?" అన్నాడు భర్త పట్టాభిరామయ్య, మంచం మీంచి లేవకుండా.

"గాలిలో చిన్నదానికంటే పెద్దదే నయం కదండీ," అంది కనకరత్నం.

"నీకేం తెలుసు? మీ కొల్లేరనుకున్నావా?"

గీతాంజలి నవ్వింది. కనకరత్నం కూడా నవ్వింది. అలా నవ్వడం పెళ్ళయిన కొత్తలో నేర్చుకుంది.

ఈ హేవ్‌లాక్ దీవికి వచ్చేటప్పుడు స్పీడు బోటులో వచ్చారు. అన్నివైపులా అద్దాలు, మూసేసిన తలుపులు. ఆమె నడుమ సీటులో కూర్చుంది. ఒళ్ళో రెండు బ్యాగులు. ఒక చేతిలో మనవరాలు పింకీ, ఇంకో చేతిలో భర్తకి వాంతి కవరు. అద్దం మీద కారే నీళ్ళు తప్ప సముద్రం కనపడలేదు. దిగేదాకా ఆమె కదల్లేదు. నీళ్ళ మీద ఉన్నప్పుడు కదలకూడదు. అది ఆమె ఒంట్లో ఉంది.

ఆమె పుట్టింది కొల్లేటి లంకలో. ఎక్కడికెళ్ళాలన్నా తాటిదోనె. నాన్న వెనక నిలబడి గెడ నీటి అడుక్కి గుచ్చి దోనె తోసేవాడు, అన్న ముందు నిలబడేవాడు. అమ్మా అక్కా తనూ నడుమ, దోనె అడుగున, మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేవారు. కొంగలు వాలాయనీ, తామరలు విచ్చాయనీ అన్న అరుస్తుంటే ఆమెకు దోనె అంచూ, నాన్న పిక్కలూ కనపడేవి. ఒక్కసారి నిలబడి చూస్తాను నాన్నా అని అడిగేది. "నువ్వు లేస్తే అందరం ములుగుతామే తల్లీ" అనేవాడు నాన్న. కోపంగా కాదు, ముద్దుగానే. పెంటపాడు కాపురానికి వచ్చాక అత్తగారు అదే మాట ఇంకోలా అన్నారు. "ఈ ఇంటికి కప్పు మోసే నడుమ నిట్రాడివి నువ్వేనే. నువ్వు కదిలితే ఇల్లు ఒరిగిపోద్ది." అప్పుడది పొగడ్త అనుకుంది. పొంగిపోయింది కూడా. కైకలూరులో అక్క పదిరోజులు వచ్చి ఉండమని పిలిచిన ప్రతిసారీ భర్త ఆ మాటే అనేవాడు. కోతలు, నూర్పిళ్ళు, గేదె ఈనడం, కొడుకు పరీక్షలు, కోడలి పురుడు. ఆమె కదల్లేదు. ఇల్లు ఒరగలేదు. కాబట్టి ఆ మాట నిజమే అని అందరూ అనుకున్నారు. ఆమె కూడా.

పెద్ద ఓడలో కొడుకు ఉదయ్ కిరణ్ కింది హాల్లో సీట్లు చూపించాడు. ఆమె నడుమ కూర్చుంది. బ్యాగులన్నీ ఆమె ఒళ్ళోకీ కాళ్ళ దగ్గరకీ చేరాయి. ఓడలో పనిచేసే అమ్మాయి ఒకతె లైఫ్ జాకెట్టు ఎలా కట్టుకోవాలో హిందీలో చెబుతూ వచ్చి, వీళ్ళ మాటలు విని ఆగింది.

"తెలుగువాళ్ళా అండీ? నా పేరు షారోన్. మా తాతగారిది ఆకివీడండీ." ఒళ్ళో బ్యాగులు చూసి తల ఊపింది. "అలా పెట్టుకోకూడదండీ. ఏదన్నా అయితే చేతులు ఖాళీగా ఉండాలి. సామాను పట్టుకున్నవాళ్ళు జాకెట్టు కట్టుకోలేరు."

"మరి బ్యాగులెవరు చూస్తారమ్మా?" అన్నాడు పట్టాభిరామయ్య.

"బ్యాగులెక్కడికి పోతాయండీ, సముద్రంలోంచి? మీ పక్కన పెట్టుకోండి."

ఉదయ్ కిరణ్ నవ్వాపుకుంటూ బ్యాగులు తీసి తండ్రి పక్కన పెట్టాడు. కనకరత్నం తన చేతులకేసి చూసుకుంది. ఖాళీ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"పైన డెక్కు మీదకు వెళ్ళొచ్చండీ," అంది షారోన్.

"నేను లేస్తే... ఒరగదా అమ్మా?"

"ఇది దోనె కాదండీ పెద్దమ్మగారూ. ఇందరు అటూ ఇటూ తిరగడం లేదా? రెయిలింగు పట్టుకుని ఎక్కండి, అంతే."

లేచింది. ఇనప మెట్లు ఒక్కొక్కటే ఎక్కింది. తలుపు దాటగానే గాలి ఆమె పమిటని లాగింది. రెయిలింగు పట్టుకుని, తలెత్తి, నిలబడింది.

నీలిమందు కలిపిన బకెట్లు ఎన్ని చూసింది జీవితంలో! తెల్లపంచెలు ముంచి తీయడమే గానీ ఆ రంగుని చూడలేదు. ఇప్పుడు చూసింది. ఆ రంగుకి అంచు లేదు. దూరంగా దీవులు, నీళ్ళలోంచి అప్పుడే లేచి నిలబడ్డట్టు, పచ్చగా, ఎవరూ తొక్కనట్టు. అలలు మనిషెత్తున వచ్చి, ఓడ కిందకి దూరి, అవతల లేచి వెళ్ళిపోతున్నాయి. ఇక్కడ నాన్న ఎంత పొడుగు గెడ వేసినా అడుగు తగలదు. భయం వేయాలి. వేయలేదు. గుండెలో ఏదో పెద్దదవుతోంది. ఉన్నట్టుండి నీళ్ళలోంచి చేపలు లేచాయి. కొల్లేట్లో చేపలు ఎగిరి పడతాయి. ఇవి పడలేదు. వెండి మిడతల్లా అలల మీదుగా ఎగురుతూనే పోయాయి. చేపకి రెక్కలుంటాయని ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదు. "అమ్మా, నువ్వు చూడాల్సింది" అనుకుంది. కళ్ళు తుడుచుకోలేదు. గాలే తుడిచింది.

"రత్నం!" మెట్ల మీద సగం దాకా వచ్చి రెండు చేతులా కమ్మీ పట్టుకుని వేలాడుతున్నాడు పట్టాభిరామయ్య. "ఇక్కడేం చేస్తున్నావు? పాప ఏడుస్తోంది. ఫ్లాస్కు ఎక్కడ పెట్టావు?"

"ఎర్ర బ్యాగులో ఉందండి. పాలపొడి దాని పక్కనే ఉంది."

"వచ్చి తియ్యి మరి."

"మీరు తియ్యండి. తీసి, నడుమ సీటులో కూర్చోండి. కదలకండి. కళ్ళు తిరగవు."

"నువ్వు రావా?"

"రానండి. ఊరొచ్చేదాకా నిలబడే ఉంటాను."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. ఓడ ఊగింది. కమ్మీ గట్టిగా పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వెళ్ళిపోయాడు. కాసేపటికి పింకీ ఏడుపు ఆగింది. ఎవరు ఆపారో ఆమె చూడలేదు.

కనకరత్నం రెయిలింగు వదలకుండా ఒక అడుగు పక్కకు వేసింది. అలవాటుగా ఆగి, కాలి కింద ఏమవుతుందోనని చూసింది. ఇంకో అడుగు వేసింది.

ఓడ ఒరగలేదు.

ఇల్లూ ఒరగదు, అనుకుంది. దిగగానే కైకలూరు అక్కకి ఫోను చెయ్యాలి.