సరస్సు గట్టున వయసు పంచాయితీ

చున్‌చాన్ సరస్సు గట్టు మీద ఏటా వసంతంలో పెద్దల పరుగు పందెం పెడతారు. ముందొచ్చేది పిల్సు, కప్పు పట్టుకుపోయేది గిచోల్. ఇదెక్కడి న్యాయమయ్యా అంటే, న్యాయమేనట. క్లబ్బు సెక్రటరీ మీసుక్ దగ్గర ఒక పట్టిక ఉంది. వయసు మీదపడేకొద్దీ కాళ్లు ఎంత మొరాయిస్తాయో లెక్కగట్టి, ఎవరి వయసును బట్టి వాళ్ల టైములో అంత తగ్గిస్తుంది. గిచోల్ ఏడాది పెద్ద. పిల్సు నాలుగంగలు ముందొచ్చినా ఆ ఏడాది అడ్డం పడుతుంది.

"పరుగెత్తింది నువ్వు, గెలిచింది నేను తమ్ముడూ" అంటాడు గిచోల్, కప్పు చంకన పెట్టుకుని.

పిల్సుకు ఒళ్లు మండిపోతుంది. సొంత అన్న కాకపోయినా, ఒక్క ఏడాది పెద్దయితే చాలు, వాళ్ల ఆచారంలో అన్నయ్యే కదా. 'మీరు' అని పిలవాలి, చప్పటి జోకు వేసినా పడీ పడీ నవ్వాలి. బస్సు డ్రైవరుగా ఉన్న రోజుల నుంచీ నవ్వుతూనే ఉన్నాడు, దవడలు పడిపోయాయి. మర్యాదా ఆయనకే, కప్పూ ఆయనకేనా? చచ్చేలోగా ఒక్కసారైనా ఆ కప్పు తన ఇంట్లో టీవీ పక్కన కూర్చోవాలి.

అందుకే ఈసారి పందెం కాగానే అడిగేశాడు. "మీసుక్ గారూ, అన్నయ్య వయసుకు రుజువేంటి?"

"ఐడీ కార్డు."

"మా కాలం కార్డులు నమ్ముతారా? బిడ్డ బతికి బట్టకడతాడో లేదో చూసి, తీరిగ్గా రాయించేవాళ్లు."

గిచోల్ పకపకా నవ్వాడు. "అలాగైతే నేను ఇంకా పెద్దవాణ్ణన్నమాట. అదుగో మా అక్క, నన్ను వీపున మోసి పెంచింది. అడుగు."

ఎనభై దాటిన బొక్సున్ అక్క తమ్ముడి కోటు ఒళ్లో పెట్టుకుని నీడలో కూర్చుంది. పిల్సు వెళ్లి వంగి అడిగాడు. "అక్కా, గిచోల్ అన్నయ్య ఎప్పుడు పుట్టాడు?"

"ఏ గిచోల్?" అంది ఆవిడ.

గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు.

"ఎంతమంది ఉన్నారేంటక్కా?" అన్నాడు గిచోల్.

"ఇద్దరు. పెద్దోడు తట్టు వచ్చి పోయాడు. వాడు పుట్టిన మూడేళ్లకు నువ్వు పుట్టావు. ఆఫీసేమో కొండ అవతల. పోయినవాడి పేరు కొట్టించాలి, పుట్టినవాడి పేరు రాయించాలి, ఎవరు తిరుగుతారని నాన్న వాడి పేరూ, వాడి కాగితమూ నీకిచ్చేశాడు. నీకు చెప్పొద్దంది అమ్మ. వాడి సంగతి ఇన్నాళ్లూ ఒక్కరూ అడగలేదు. ఇవాళ అడిగారు, చెప్పాను."

మీసుక్ పట్టిక తిరగేసింది. గిచోల్ ఇప్పుడు పిల్సు కన్నా రెండేళ్లు చిన్న. కప్పు పిల్సుది.

చప్పట్లు మోగాయి. కప్పు చేతిలోకి వచ్చింది గానీ పిల్సుకు సంబరం రాలేదు. గిచోల్ తన కార్డు పట్టుకుని, అందులో ఎవరున్నారో తెలియనట్టు చూస్తున్నాడు. నోరు మూసుకుని ఉన్నా బాగుండేది, వెధవ కప్పు కోసం ఎంత పని చేశాను అని పిల్సు మనసు పీకింది.

భోజనాల దగ్గర గిచోల్ తలవంచుకుని వచ్చాడు. "ముందు మీరు వడ్డించుకోండి... అన్నయ్యా."

ఎన్నేళ్లుగానో వినాలనుకున్న మాట. తీరా వింటే పిల్సుకు ఏడుపొచ్చింది. మక్కొల్లి అనే బియ్యపు కల్లు సీసా తీశాడు. కార్డును బల్ల మీద పెట్టించి, దాని ముందు ఒక గిన్నె పెట్టి, పెద్దవాళ్లకు పోసినట్టు రెండు చేతులా కల్లు పోశాడు.

"ఇది మా గిచోల్ అన్నయ్యకి. ఇన్నాళ్లూ నేను అన్నయ్యా అన్నది ఈయన్నే. ఒక్క పిలుపూ వృథా పోలేదు."

ఇంకో గిన్నెలో ఒంటిచేత్తో సగం ఒలకబోస్తూ పోశాడు. "ఇది నీకు. తాగరా."

గిచోల్ రెండు చేతులా అందుకుని, పెద్దల ఎదుట చిన్నవాళ్లు తాగేట్టు పక్కకు తిరిగి తాగాడు.

బొక్సున్ అక్క కార్డు ముందున్న గిన్నెను తన వైపు లాక్కుంది. "రెండేళ్లు నిండని పసివాడికి కల్లు పోస్తారట్రా, సిగ్గులేని ముసలాళ్లు" అని తిట్టి, వాడి వంతు తనే తాగేసింది.