మెషిన్ బరువు చాలు

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. ముందుగదిలో మంచం మీద అత్తగారు. కిటికీ పక్కన, పుస్తకం ముఖం మీద బోర్లించుకుని పడుకున్న ఆడపడుచు. ఇంటిని ఆనుకుని ఉన్న షెడ్డులో భర్త. వంటగదిలో ఆమె. ఐదో మనిషి రావలసి ఉంది, పెద్ద కార్ల వర్క్‌షాప్ యజమాని. ఆయన వస్తున్నాడని షెడ్డు కడిగింది ఆమె, పాలిష్ మెషిన్ ప్యాడ్లు ఉతికి ఆరబెట్టింది ఆమె, భర్త చొక్కా ఇస్త్రీ చేసిందీ ఆమే.

"ఆయన ఉన్నంతసేపూ నువ్వు షెడ్డులోకి రాకు," అన్నాడు భర్త బొత్తాలు పెట్టుకుంటూ. "టీ ఇచ్చి వెళ్లిపో."

యజమాని కిందటి నెల ఎక్కడో ఒక నల్ల కారు తలుపు చూశాడట. ఎండలో నిలబెట్టినా ఒక్క గీత లేదట. ఎవరు చేశారని ఆరా తీసుకుంటూ ఇక్కడికి ఫోన్ చేశాడు. "నేనేనండీ," అన్నాడు భర్త, పక్కనే ఆమె కూర నూనె చేతులతో నిలబడి ఉండగా. అయితే మా వర్క్‌షాప్‌లో చేరండి, ముందు ఒకసారి నా బండి మీద మీ పని చూస్తాను అన్నాడాయన. ఫోన్ పెట్టేశాక భర్త ఆమె వైపు చూడలేదు. చూడాలన్న ఆలోచన కూడా రాలేదేమో.

ఆ నల్ల తలుపు ఆమె పని. భర్తకు పాలిష్ అంటే బలం. గీత కనిపిస్తే మెషిన్‌ను దాని మీద అదిమిపెట్టి, స్పీడు చివరిదాకా తిప్పి, అటూ ఇటూ గబగబా లాగేవాడు. గీత పోయేది కాదు సరికదా, చుట్టూ సాలెగూడులా కొత్త గీతలు పడేవి. వాటి మీద మైనం దట్టంగా పట్టించి పంపేసేవాడు. నాలుగుసార్లు కడిగేసరికి మైనం పోయి, పాత గీతలూ కొత్త గీతలూ కలిసి బయటపడేవి. కారు యజమానులు తిట్టుకుంటూ తిరిగొచ్చేవారు. అప్పుడు ఆ బండి ఆమె పాలబడేది. "కాస్త తుడిచిపెట్టు," అనేవాడు. ఆ కాస్త తుడవడానికి మూడేసి గంటలు పట్టేది. ఈలోగా పొయ్యి మీద అన్నం మాడితే, ఆ మాట మాత్రం వారం రోజులు ఇంట్లో తిరిగేది.

షెడ్డు వెనక గోడకు ఆనించిన పాత బానెట్ ఒకటి ఉంటే, మధ్యాహ్నం అందరూ నడుం వాల్చాక దాని మీద నేర్చుకుంది. గిన్నెలు తోమే పీచుతో తనే గీతలు పెట్టడం, తనే పోగొట్టడం. రెండేళ్లు పట్టింది. చెయ్యి నొక్కకూడదని, మెషిన్ బరువు చాలని తెలిసింది. రెండు జానల మేర మాత్రమే తీసుకుని, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, నత్తలా నడపాలి. ప్రతిసారీ ప్యాడ్ దులపాలి. టార్చి ఏటవాలుగా పట్టి చూసుకోవాలి. ప్యాడ్ బిగించే ప్లేటు అంచున తెల్లరంగుతో చిన్న చార పెట్టుకుంది. చార గుండ్రంగా తిరుగుతుంటే పని జరుగుతున్నట్టు. ఉన్నచోటే వణుకుతుంటే ఎక్కువ నొక్కుతున్నట్టు, ప్యాడ్ ఊరికే అదురుతోంది తప్ప తిరగడం లేదన్నమాట.

"మెషిన్‌కి కూడా సింగారమా?" అని నవ్వాడు భర్త, మొదటిసారి చూసి. ఇవాళ పొద్దున్న పెట్రోలు గుడ్డతో ఆ చార తుడిచేశాడు. పెద్దమనిషి చూస్తే పరువు పోతుందట.

యజమాని వచ్చాడు. ముదురు నీలం కారు. ఆమె టీ ఇచ్చి వంటగదిలోకి వచ్చి పాలు పొయ్యి మీద పెట్టింది. షెడ్డులో మెషిన్ మొదలైంది. ముందు గొంతు విప్పి పాడినట్టుంది. అంతలోనే పీక నొక్కినట్టు దిగిపోయింది. అదుముతున్నాడు. "నొక్కకండి," అంది ఆమె పాలగిన్నెతో. మళ్లీ దిగింది. "అయ్యో, నొక్కకండి."

"ఎవరితో వదినా మాట్లాడుతున్నావ్?" అంది ఆడపడుచు, పుస్తకం కింద నుంచే.

"పాలు పొంగుతున్నాయి."

కాసేపటికి మెషిన్ ఆగింది. యజమాని అమాయకుడు కాదు. సీసాలోంచి స్పిరిట్ తీసి, మైనం పోయేదాకా తుడిచి, టార్చి వేసి చూసినట్టున్నాడు. "ఇది ఆ తలుపు చేసిన చెయ్యి కాదే!" అన్న మాట వంటగదిలోకి స్పష్టంగా వినబడింది.

"ఏమే!" భర్త కేక. "ప్యాడ్లు ఎలా ఉతికావు? ఇసక ఉంది వాటిలో. ఇలా రా."

తిట్టడానికే అయినా షెడ్డులోకి పిలుపు వచ్చింది. బానెట్ మీద సాలెగూళ్లు. వాటి మధ్య, యజమాని పరీక్షకని చూపించిన పొడవాటి గీత చెక్కుచెదరకుండా ఉంది. ఆమె ప్యాడ్‌ను వేళ్లతో తడిమింది. ఇసక లేదు. పాలిష్ మందు పేరుకుపోయి గట్టిపడి ఉంది. అలవాటుగా గీత మీద అడ్డంగా గోరు నడిపింది.

యజమాని ఆ గోరును చూశాడు. "ఏం తెలిసిందమ్మా?"

"గోరు ఆగుతోందండీ. లోతుగా దిగింది. మొత్తం పోగొట్టాలని చూస్తే పైన ఉండే మెరుపు పొర అరిగిపోతుంది. ఇది అంచు దగ్గర కదా, అసలే పల్చన. గీత ఒడ్లు నునుపు చేస్తే చాలు, కంటికి ఆనదు."

ఆయన మెషిన్ అందుకుని ఆమె చేతిలో పెట్టాడు. ఆమె కొత్త ప్యాడ్ బిగించి, బఠాణీ గింజంత మందు నాలుగుచోట్ల పెట్టి, స్పీడు సగానికి తగ్గించింది. అడ్డంగా, నిలువుగా. దులిపింది, చూసింది, మళ్లీ. చార లేకపోయినా చేతికి తెలుస్తోంది. తుడిచేసరికి రెండు జానల మేర నీలం నీళ్లలా నిలబడింది. గీత ఎక్కడుందో యజమాని టార్చి వేసి వెతుక్కున్నాడు.

ఆమె మెషిన్ పట్టుకుని పక్కకు జరిగింది. ఇన్నేళ్లకు ఒక మనిషి తన పనిని చూస్తున్నాడు. ఇప్పుడు అంటాడు, ఇప్పుడు అంటాడు అనుకుంది.

యజమాని భర్త భుజం తట్టాడు. "రేపటి నుంచి వచ్చెయ్యండి. ఈవిణ్ని కూడా వెంట తెచ్చుకోండి, సాయానికి. ఉద్యోగం మీ పేరునే ఉంటుంది. అక్కడ అందరూ మగవాళ్లు, ఆడమనిషి పేరు పెడితే నానా మాటలూ వస్తాయి. ఐదింటికి బండి కోసం వస్తా, పూర్తి చేసి ఉంచండి."

"అలాగేనండీ. నేర్పింది నేనే కదా," అన్నాడు భర్త. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆయన వెళ్లాక కూడా ఆమె మెషిన్ పట్టుకునే నిలబడింది. తెలియనివాళ్ల మాటలు ఇన్నేళ్లూ మింగింది. "మా కోడలికి బండ్లు తుడవడం సరదా" అని అత్తగారు అంటే, పాపం ఆవిడకు తెలియదు అనుకుంది. "మా ఆవిడ గుడ్డలు అందిస్తుంది" అని భర్త అంటే, నలుగురిలో అలాగే అంటారు అనుకుంది. ఎప్పటికైనా పని తెలిసిన మనిషి ఒకరు వచ్చి చూస్తే చాలు, అంతా దానంతటదే తేలిపోతుందని నమ్మింది. ఆ మనిషి వచ్చాడు. దగ్గర నుంచి, టార్చి వేసి మరీ చూశాడు. చూసి, ఆమెను పనిముట్టులా భర్త సంచిలో పడేసి వెళ్లాడు. ఇంక ఎవరి కోసం ఎదురుచూడాలి?

"నిలబడ్డావేం? కానియ్. ఐదింటికి వస్తాడు," అన్నాడు భర్త.

"పూర్తి చేస్తాను. ఆయన వచ్చాక నేనే మాట్లాడతాను. ఉద్యోగం నా పేరున ఇస్తే వస్తాను. లేకపోతే ఎవరి వెనకా రాను."

"ఏంటీ?"

"రేపు మీరొక్కరే వెళ్లి మెషిన్ పట్టుకోండి మరి."

భర్త ముఖం ఎర్రబడింది. షెడ్డులోకి తెరుచుకునే వంటగది గుమ్మంలో అత్తగారు వచ్చి నిలబడ్డారు. "మొగుడి నోటి దగ్గర అన్నం లాక్కుంటావా తల్లీ?" అన్నారు.

"వండేది కూడా నేనే కదా అత్తయ్యా."

"ఆ మాట ఆయన ముందు అన్నావంటే ఈ గుమ్మం తొక్కకు," అన్నాడు భర్త, వంటగదిలోకి నడుస్తూ. "అమ్మా, తలుపు వెయ్యి. చీకటిపడితే అదే దారికొస్తుంది."

అత్తగారు కోడలి ముఖం చూశారు. తర్వాత ఆమె చేతిలోని మెషిన్ చూశారు. తలుపు మీద చెయ్యి వేశారు.

"సరేనండీ," అంది ఆమె. "వెయ్యండి."

తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది. మెషిన్ ఉన్న వైపున ఆమె ఉంది.